ముల్లు భయం లేని ముద్ద

చేపల బుట్టలో ఎవరి చూపయినా ముందు వంజరం మీద పడుతుంది, తర్వాత చందువ మీద. అడుగున, ఎవరూ పట్టించుకోకుండా, చెప్పు అడుగులా పల్చగా, మట్టిరంగులో పడి ఉండేది నాలుక చేప. పేరుకు తగ్గట్టే నాలుకలా పొడుగ్గా ఉంటుంది. చూపుకి ఆనదు. "ఇదేం చేపండీ, ఎవరో తొక్కేసినట్టుంది!" అని మా పక్కింటావిడ నవ్వుతుంది. అయినా ఈ రెండేళ్ళుగా మా ఇంట్లో దీనికున్న మర్యాద పులసకు కూడా లేదంటే నమ్మండి. ఎందుకో చెబుతాను. చేపలు తినని సోదరీమణులు కోప్పడకుండా ఈ ఒక్క వారానికి పేజీ తిప్పేయండి.

మాది గోదావరి జిల్లా. మావారి ఉద్యోగం వల్ల విశాఖపట్నం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అత్తయ్యగారు రాజమండ్రి వైపు పుట్టి పెరిగిన మనిషి. వానలు పడి గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే చాలు, ఆవిడ మనసంతా పులస మీదే. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదావరికి ఎదురెక్కాక పులస. 'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అన్న మాట మీరూ వినే ఉంటారు. ఆ చేపకు రుచి ఎంతో ముళ్ళూ అంతే. ఒళ్ళంతా వెంట్రుకల్లాంటి సన్నని ముళ్ళు. వాటిని నాలుకతోనే ఏరి పక్కన పెట్టేయడం గోదావరి వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. అత్తయ్యగారు మాట్లాడుతూనే తిని, కంచం పక్కన ముళ్ళు కుప్పపెట్టేవారు.

అలాంటి మనిషికి మూడేళ్ళ క్రితం శ్రావణమాసం ముందు ముల్లు గొంతులో దిగబడింది. అప్పటికి ఆవిడకు డెబ్భై నాలుగేళ్ళు. పై పళ్ళు పోయి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. అంగిలిని పళ్ళసెట్టు కప్పేస్తే ఏది ముల్లో ఏది కండో నోటికి సరిగ్గా తెలియదట. ఇరుగుపొరుగు వాళ్ళు అన్నం ముద్ద మింగించమన్నారు, అరటిపండు పెట్టమన్నారు. మావారు ఒప్పుకోకుండా ఆటో పిలిచి గొంతు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. ఆయన ముల్లు తీసేసి, "ముద్దలు మింగిస్తే ముల్లు ఇంకా లోతుకు దిగుతుంది, నేరుగా తీసుకొచ్చి మంచిపని చేశారు" అన్నారు. ఈ మాట మీరందరూ గుర్తు పెట్టుకోండి.

ముల్లు వచ్చేసింది కానీ భయం పోలేదు. ఆ రోజు నుంచి అత్తయ్యగారు చేప ముట్టలేదు. "నాకొద్దమ్మాయ్, ఇంత పప్పుచారు పోసెయ్యి" అనేవారు. మేమంతా చేపల పులుసు తింటుంటే ఆవిడ ముందే తినేసి వరండాలో కూర్చునేవారు. పోనీ ఆవిడకని విడిగా మెత్తగా ఏదో ఒకటి చేసి పెడితే, "నా ఒక్కదాని కోసం వేరే వంటేమిటి? నేనేమన్నా రోగిష్టిదాన్నా?" అని చిన్నబుచ్చుకునేవారు. నలభై ఏళ్ళు ఇంటిల్లిపాదికీ వండి పెట్టిన చేయి. ఆ చేతికి ఇప్పుడు ఒకరు జాలిపడి గిన్నె అందిస్తే ఎలా ఉంటుందో మనం అర్థం చేసుకోవాలి కదా. అదే ఏడాది ఆవిడ బరువు కూడా బాగా తగ్గింది. నాకు బెంగ పట్టుకుంది.

అప్పుడు మా చేపలమ్మి చెప్పింది. "ఏటమ్మా, ముసలమ్మకి ముల్లు బయమైతే నాలుక చేప అట్టుకెళ్ళు. నడి మద్దిన ఒకటే ముల్లు. మా ఇంటికాడ పిల్లలకి అదే ఎడతాం" అంది. అలా వచ్చింది మా ఇంటికి.

ఈ చేప కథ కూడా వింతగానే ఉంటుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు దీనికీ అన్ని చేపల్లాగే అటొక కన్ను, ఇటొక కన్ను. నిటారుగానే ఈదుతుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను మెల్లగా తల మీదుగా జరిగి రెండో కన్ను పక్కకు వచ్చేస్తుంది. అప్పుడు చేప ఒక పక్కకు ఒరిగి సముద్రం అడుగున ఇసుకలో బల్లపరుపుగా పడుకుంటుంది. పైకి కనిపించే వైపు ఇసుక రంగు, కిందవైపు తెలుపు. చందువ కూడా పల్చగానే ఉంటుంది కానీ దానికి కళ్ళు చెరో పక్కనే, నిటారుగానే ఈదుతుంది. అందుకని రెండూ ఒకటే జాతి అనుకోకండి. అడుగున కదలకుండా పడుకునే ప్రాణి కాబట్టో ఏమో, దీని కండ వెన్నలాగా ఉంటుంది. మధ్యలో వెన్నుముల్లు, అంచుల వెంట రెక్కల తాలూకు చిన్న ముళ్ళ వరుస. అంతే. కండ మధ్యలో పులసకు ఉన్నట్టు వెంట్రుకల్లాంటి ముళ్ళు ఉండవు.

కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు, తిరిగి లేవాలి. సముద్రపు వాసన ఉండవచ్చు గానీ ముక్కు మండే ఘాటు ఉండకూడదు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో మంచులో నిలవున్న సరుకు ఎక్కువ వస్తుంది కాబట్టి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. మెత్తని చేప పాడైతే మసాలాతో కప్పిపుచ్చడం ఎవరి వల్లా కాదు.

జానెడు పొడుగున్నవి అరకిలోకి ఐదారు తూగుతాయి. తోలు ఒలిచి ఇమ్మంటే అమ్మేవాళ్ళే ఇస్తారు. ఇంట్లో చేసుకోవాలంటే తల వెనక తోలు మీద చిన్న గాటు పెట్టి, వేళ్ళకు కాస్త రాళ్ళఉప్పు అద్దుకుని అంచు పట్టుకుని తోకవైపు లాగండి. మేజోడు విప్పినట్టు ఊడి వస్తుంది. రెండోవైపూ అంతే. తల తీసేసి, దాని వెనకే ఉండే కొద్దిపాటి పేగులు తీసేయండి. తర్వాత కత్తెరతో అంచుల రెక్కలు కొంచెం లోపలికంటా కత్తిరించేయండి. సగం ముళ్ళ బెడద అక్కడే తీరిపోతుంది. కుళాయి ధార కింద పెట్టి రుద్ది రుద్ది కడగవద్దు, గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా జాడించి తీయండి.

ఇక వంట. మా ఇంట్లో ముందు వచ్చిన గొడవ పులుసు గురించే. మావారికి చేపంటే పులుసే, అదీ రాత్రి వండి పొద్దున్న తినాలి. కొరమీనుకైనా వంజరానికైనా అది చెల్లుతుంది. నాలుక చేపను అలా మరిగిస్తే పొద్దున్నకి గిన్నెలో ముళ్ళే మిగులుతాయి. మాంసంలో గట్టి నరాలు, పొరలు ఉంటాయి కాబట్టి ఎంతసేపు ఉడికితే అంత మంచిది. చేప కండ అలా కాదు. పొట్టి పోగులు రేకులు రేకులుగా పేర్చినట్టుంటాయి, మధ్యలో అతికి ఉంచే పొర చాలా పల్చన. కొద్దిపాటి వేడికే అది కరిగిపోయి రేకులు విడిపోతాయి. అందుకని ఉడకాల్సింది పులుసు, చేప కాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మెత్తని చేప ఏదైనా వండేయవచ్చు.

అరకిలో చేపకు చిన్న నిమ్మకాయంత చింతపండు చాలు. చేప శుభ్రం చేయగానే ఉప్పు, పసుపు రాసి పదిహేను నిమిషాలు పక్కన పెట్టండి, కండ కొంచెం బిగుస్తుంది. లోతు గిన్నె కాకుండా వెడల్పాటి గిన్నె తీసుకోండి. నూనెలో చిటికెడు మెంతులు, రెండు ఉల్లిపాయల సన్నని ముక్కలు, నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, కారం చెంచాన్నర, ధనియాల పొడి ఒక చెంచా వేసి చింతపండు పులుసు పోయండి. ఇప్పుడు తీరిగ్గా పావుగంట మరగనివ్వండి. ఉప్పు, పులుపు అన్నీ అప్పుడే సరిచూసుకోవాలి. గోదావరి వాళ్ళం కాబట్టి మేం చిన్న బెల్లం ముక్క వేస్తాం. నూనె పైకి తేలాక మంట తగ్గించి, చేపలను ఒకదాని పక్కన ఒకటి పరిచి మూత పెట్టండి. ఐదారు నిమిషాలు, అంతే. కట్టేసి మరో పది నిమిషాలు కదపకుండా ఉంచండి. కొత్తిమీర ఆఖర్న చల్లుకోండి. ఇది పూటకు పూట తినే పులుసు, మర్నాటికి దాచవద్దు.

మొదటిసారి చేసిన రోజు నేను కావాలనే అత్తయ్యగారిని పిలిచి వంటింట్లో కుర్చీ వేశాను. "ఈ చేప విరిగిపోతుందట, మీరు కాస్త చూస్తూ ఉండండి అత్తయ్యగారూ" అన్నాను. ముందు మాట్లాడలేదు. నేను గరిటె చేతికి తీసుకున్నానో లేదో, "గరిటె పెట్టకమ్మాయ్! గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని తిప్పు" అన్నారు. చేపల పులుసుకు మన పెద్దవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే అది. ఏ చేపకైనా మంచిదే గానీ నాలుక చేపకు అదే ప్రాణాధారం.

వేపుడు ఇంకా తేలిక. ఉప్పు, పసుపు, కారం, కొద్దిగా అల్లం వెల్లుల్లి పల్చగా పట్టించి పది నిమిషాలు ఉంచి, పొడిగుడ్డతో మెల్లగా అద్ది, బియ్యప్పిండి పైపైన చల్లుకోండి. తడి ఉంటే పెనానికి అంటుకుంటుంది. పెనం బాగా కాలాక రెండు చెంచాల నూనె వేసి చేపను పరచండి. మూడు నిమిషాల వరకు ముట్టుకోవద్దు. అడుగు వేగితే దానంతట అదే వదులుతుంది. వెడల్పు అట్లకాడతో ఒక్కసారే తిరగేసి ఇంకో రెండు మూడు నిమిషాలు వేయించండి. నిమ్మరసం తినేముందు పిండుకోవాలి.

వడ్డించేటప్పుడు చెంచా అంచుతో నడుం గీత వెంట మెల్లగా గీసి, కండను చెరో పక్కకు జరపండి. తోక దగ్గర వెన్నుముల్లు పట్టుకుని ఎత్తితే దువ్వెన లాగా మొత్తం లేచి వస్తుంది. కింది కండ కంచంలోనే ఉంటుంది. అంచుల దగ్గరి వేలెడు కండ మాత్రం పెద్దవాళ్ళకు, పసిపిల్లలకు పెట్టవద్దు, అక్కడ చిన్న ముళ్ళు ఉండిపోతాయి. మిగిలినదాన్ని కూడా ఒకసారి వేళ్ళతో నలిపి చూసే పెట్టండి. ముళ్ళు తక్కువన్నారు కదా అని నమ్మకం మీద వదిలేయకూడదు. మింగడమే కష్టంగా ఉన్న పెద్దవాళ్ళుంటే డాక్టరును అడగకుండా ఏదీ పెట్టవద్దు.

మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. నాలుక చేప వండిన రోజు అందరికీ అదే. వెన్నుముల్లు తీయడం కూడా అందరి కంచాల్లోనూ చేస్తాను, మావారి దాంట్లో, కాలేజీకి వెళ్ళే మా అబ్బాయి దాంట్లో కూడా. "నాకెందుకే, నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అని మావారు మొదట్లో గొణిగారు. అత్తయ్యగారి వైపు ఒకసారి చూసి మళ్ళీ అనలేదు. ఆవిడ మొదటి ముద్ద చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు. మేమెవరం ఆవిడ వైపు చూడనట్టే తింటున్నాం. మెల్లగా మింగి, రెండో ముద్ద కలుపుకున్నారు. ఆ పూట ఆవిడ వరండాలోకి వెళ్ళలేదు, అందరం లేచేదాకా కూర్చున్నారు.

ఖర్చు సంగతి చెప్పాలంటే, పులస ఒక్కటి వేలల్లో పలుకుతుంది, వంజరం, చందువ ధరలు మీకు తెలిసినవే. వాటి పక్కన ఇది అందుబాటులో ఉండే చేప. చవకదని చిన్నచూపు చూడకండి. పెద్దవాళ్ళకు అన్నం సయించకపోతే మనం టానిక్కులు కొంటాం, పొడులు కొంటాం. ఒక్కోసారి వాళ్ళకు కావలసింది భయం లేకుండా, నలుగురితో పాటు తినగలిగే కూర.

ఇప్పుడు వారానికొకసారైనా మా చేపలమ్మి గుమ్మం ముందు బుట్ట దించుతుంది. మొప్పలెత్తి చూసేది, బేరమాడేది అత్తయ్యగారే. మొన్నటి వేపుడుకు "ఉప్పు చాల్లేదమ్మాయ్, కారం మరీ దండిగా పోశావు" అని వంక పెట్టారు. ఒకప్పుడు ఆ మాటలకు ఉడుక్కునేదాన్ని. మొన్న మాత్రం ఇంకో చేప వడ్డించాను, అదీ తినేశారు.