తేనె వంటి నీరు

మా ఊరి పేరులో మిట్ట ఉన్నది గాని, మంచు ఎరుగని మిట్ట ఇది. ధూళిమిట్టలో చాయ్ అంటే అల్లం దంచి, చాయపత్తా వేసి, పాలు పోసి, రంగు దిగేదాకా మరిగించేదే. అరవై దాటినా, తేనీటికి మరొక మార్గం ఉంటుందని నేను తలచలేదు.

గత ఏడాది చలికాలంలో పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. తైవాన్ ద్వీపంలోని సించూ నగరంలో చిప్పుల పరిశ్రమలో ఇంజనీరు. కాళ్ళకు మొక్కి, ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టి, "అలీషాన్ కొండల చాయ్ సార్, మీ కోసమే తెచ్చిన" అన్నాడు. విప్పితే బఠాణీలంత ఆకుపచ్చని ఉండలు. మరునాడు ఉదయం గుప్పెడు తీసి, పాలు, చక్కెర, అల్లంతో పది నిమిషాలు మరిగించాను. తాగలేక పారబోశాను. సాయంత్రం అతడు మళ్ళీ వస్తే ఆ సంగతి చెప్పాను. అతడు నవ్వలేదు. "నేను చేసి చూపిస్త సార్" అని వంటింటివైపు నడిచాడు.

ఆ నవ్వకపోవడమే నన్ను కలచివేసింది. ఎందుకంటే ఒకనాడు నేను నవ్వాను. ఎనిమిదో తరగతిలో 'తేనీరు'కు విగ్రహవాక్యం రాయమంటే, అతడు 'తేనె వంటి నీరు' అని రాశాడు. నేను దానిని తరగతి అంతటికీ చదివి వినిపించి, సున్న చుట్టాను. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ ఏడాది అతడు మళ్ళీ నా తరగతిలో నోరు విప్పలేదు.

వ్యాకరణరీత్యా నా మాట సరైనదే. తే + ఆకు, యడాగమం వచ్చి తేయాకు. అలాగే తే + నీరు తేనీరు. కాని ఆ 'తే' ఎక్కడిదని నేను ఏనాడూ విచారించలేదు. అది చైనాలోని ఫూజియన్ తీరవాసుల మాట. డచ్చి ఓడలెక్కి ఐరోపా చేరి 'టీ' అయింది. భూమార్గం పట్టిన 'చా' పారశీకం మీదుగా మనకు 'చాయ్' అయింది. తైవానులో అధికసంఖ్యాకుల పూర్వులు ఆ ఫూజియన్ నుంచి వచ్చినవారే. వారి భాషలో నేటికీ అది 'తే'యే.

ఇక ఆకు సంగతి. వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తున పండినదానినే అక్కడ ఎత్తుకొండల ఊలాంగ్ అంటారు. చలికి, మంచుకు ఆకు నెమ్మదిగా ఎదుగుతుంది. చేదు తగ్గి తీపి నిలుస్తుంది. కోసిన ఆకును వాడబెట్టి, కొంతవరకే ఆక్సీకరణం చెందనిచ్చి, వేడితో ఆపి, గుడ్డలో మూటగట్టి ఉండలుగా చుడతారు. మన చాయపత్తా అలా కాదు. 1930ల్లో అస్సాంలో పుట్టిన యంత్రపద్ధతిలో నలిపి, చీల్చి, చుట్టిన గుళికలు అవి, పాలకు తట్టుకుంటాయి. ఈ ఆకు తట్టుకోదు.

అతడు బోరు నీళ్ళు వద్దన్నాడు. కాచిన గిన్నెకు తెల్లపొర కట్టే నీటిలో దీని పరిమళం అణగిపోతుందట. ఫిల్టరు నీళ్ళు మసలనిచ్చి దించాడు. చిన్న పింగాణీ గిన్నెలో అర తులం, అంటే 5 గ్రాముల ఆకు వేసి, 120 మిల్లీలీటర్ల నీరు పోసి, వెంటనే వంచేశాడు. అది ఉండలను మేల్కొలపడానికే. మళ్ళీ పోసి, సాసరు మూతపెట్టి, 50 సెకన్లు ఆగాడు. రెండవ మారు 40 సెకన్లు. అటుపైన ప్రతిసారీ పదిహేను, ఇరవై సెకన్లు పెంచుతూ ఆరు మార్లు. ప్రతిసారీ చుక్క మిగలకుండా వంచాలి. ఆకు నీటిలో నానితే చేదెక్కుతుంది.

మొదటి గుక్కకు "వేడినీళ్ళే కదా!" అన్నాను. మూడవ మారుకు అప్పుడే తీసిన వెన్న వాసన, దాని వెనుక ఏదో పూల వాసన. మింగిన తరువాత గొంతులో మెల్లగా తీపి. గిన్నెలో ఉండలన్నీ విప్పుకొని, కాడలతో సహా నిండు ఆకులైనాయి.

"ఒక్కసారే పిండితే రాదు సార్, ఆగాలె" అన్నాడు.

ముప్పై ఏళ్ళకు పైగా బడిలో నేను చేసినది ఆ పిండడమే.

"తేనీరుకు నువ్వు రాసిన జవాబు గుర్తున్నదా?" అని అడిగాను.

"ఎట్ల మరుస్త సార్?" అన్నాడు తల వంచుకొని.

"విగ్రహవాక్యం తప్పే. కాని నేను నవ్వినది అంతకంటె పెద్ద తప్పు."

అతడేమీ అనలేదు. గిన్నెలో మళ్ళీ నీళ్ళు పోసి, సాసరు మూసి, సెకన్లు లెక్కపెట్టసాగాడు. పొట్లంలో ఇంకా కొంత ఆకు ఉన్నది. దానిని పాలలో వేయను.