గాయం మానాక మొదలయ్యే పని

కాలిన గాయాల వార్డులో నేను ఫిజియోథెరపిస్టుని. డ్రెస్సింగులు ఆగిపోగానే ఇంక ఆస్పత్రితో పనేముందని చాలామంది రావడం మానేస్తారు. నాకు దిగులు మొదలయ్యేది అప్పుడే. పైకి మానినట్టున్నా లోపల మచ్చ ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల దాకా మారుతూనే ఉంటుంది. కొల్లాజెన్ పోగులు అడ్డదిడ్డంగా పేరుకుని మచ్చ ఎర్రగా ఉబ్బుతుంది, గట్టిపడుతుంది, చుట్టూ ఉన్న చర్మాన్ని గుంజుతుంది. మోచేతి మడతలోనో, చంకలోనో, మెడ ముందో అయితే చెయ్యి చాపలేరు, తల ఎత్తలేరు.

వేడి సాంబారు ఒలికి మోచెయ్యి కాలిన పాపను తెచ్చిన తల్లి, మచ్చ మీద వేలు పెట్టడానికే జంకింది. "గట్టిగా పడితే మళ్లీ పగిలిపోద్దేమో మేడమ్!" ఆ భయం సహజం. అందుకే మచ్చకు మర్దన ముందు నేను చేసి, తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని చేయించాను. పక్కులన్నీ రాలి పుండు పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి. కాలినచోట నూనె గ్రంథులు దెబ్బతింటాయి గనక వాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి. మొదట్లో పైపైన, చర్మం తట్టుకునేకొద్దీ కాస్త గట్టిగా. బొటనవేలితో నొక్కితే ఎర్రటి మచ్చ తెల్లబారాలి, అంత ఒత్తిడి చాలు. గుండ్రంగా, నిలువునా, అడ్డంగా రుద్ది, చివర్న చర్మాన్ని వేళ్లతో పట్టి పైకి లేపాలి. ఐదు పది నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు. మెత్తబడిన వెంటనే చెయ్యి పూర్తిగా చాపించి కాసేపు అలాగే ఉంచాలి. నన్నడిగితే ఇదే అసలు పని, ఇది లేని మర్దన సగమే. నీటిపొక్కులు గానీ చీము గానీ కనిపిస్తే అక్కడ ఆపేయాలి.

మచ్చ మాయమవుతుందని నేనెవరికీ చెప్పను. మర్దనతో దురద, నొప్పి తగ్గుతాయి. రాత్రంతా గోక్కునే పిల్లలు నిద్రపోతారు, అదేం చిన్న సంగతి కాదు. మందం తగ్గుతుందనడానికి మాత్రం రుజువులు అంత బలంగా లేవు. అందుకే సిలికాన్ జెల్, స్ప్లింట్, రోజుకు 23 గంటలు వేసుకునే ప్రెషర్ గార్మెంట్ కూడా ఇస్తాం. మన ఎండల్లో ఆ బిగుతు బట్ట నరకమే. తీసేసినవాళ్లను కోప్పడలేను, మర్దనైనా మానొద్దని బతిమాలతాను.

మీ ఇంట్లో కాలిన గాయం మానినవాళ్లుంటే డిశ్చార్జి కాగితంలో ఫిజియోథెరపీ రాశారో లేదో చూడండి. లేకపోతే డాక్టరుగారిని అడిగి రాయించుకోండి.