సంచి బరువు తొమ్మిదిన్నర కిలోలు

జనవరిలో మా అబ్బాయి లెక్కల పేపర్ దాచాడు. 80కి 31 మార్కులు. సంతకం కోసం తేవాల్సిన పేపర్ పది రోజులు పుస్తకాల అట్టల మధ్య ఉండిపోయింది. మా ఆవిడ గది సర్దుతుంటే దొరికింది. నేను గట్టిగానే అరిచాను. "మార్కులు తక్కువైనందుకు కాదురా, దాచినందుకు!" అన్నాను. వాడు తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాత దాదాపు నెల రోజులు మా ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య నడిచిన మాటలు మూడే: తిన్నావా, చదివావా, పడుకో.

ఫిబ్రవరిలో బాపు సంవత్సరీకానికి ఊరికి వెళ్ళాం. అటక మీద పాత సామాను దించుతుంటే బాపు గాలం కర్ర కనిపించింది. సన్నని వెదురు కర్ర, చివర నైలాన్ దారం, దారానికి బెండు ముక్క. "ఇదేంటి డాడీ?" అని అడిగాడు వాడు. చాలా రోజులకి వాడంతట వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. మత్తడి దూకే రోజుల్లో బాపు నన్ను చెరువు కట్ట మీద కూర్చోబెట్టుకుని ఎర్రలు గుచ్చడం నేర్పిన సంగతి చెప్పాను. మృగశిర కార్తె నాడు ఇంట్లో చేపల పులుసు ఉండి తీరాలని బాపు పట్టుబట్టేవాడనీ, బెండు మునిగేదాకా మాట్లాడనిచ్చేవాడు కాదనీ చెప్పాను. వాడు ఆ కర్రను తిప్పి తిప్పి చూశాడు.

హైదరాబాద్‌కి వచ్చిన వారానికి ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. మొదటి పేజీలో "ట్రౌట్" అని రాసి ఉంది. కొండల మీది సరస్సుల్లో దొరికే చేప అట. సంచీ భుజాన వేసుకుని నడిచివెళ్ళి పట్టుకుంటారట. "మనం వెళ్దామా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే నా మనసులో మొదట మెదిలింది పదో తరగతి. తొమ్మిది పూర్తయి పది మొదలయ్యే వేసవి అది. మా అపార్ట్‌మెంట్‌లో ఆ ఈడు పిల్లలందరూ అప్పటికే ఏదో ఒక క్లాసులో చేరిపోయారు. నేను వద్దనలేదు, సరేననీ అనలేదు. "ప్లాన్ అంతా నువ్వే వెయ్యి. నాకు నమ్మకం కుదిరితే వెళ్దాం" అన్నాను. రెండు రోజుల్లో విసుగొచ్చి మానేస్తాడనుకున్నాను. మానలేదు.

వాడు ముందు చేప గురించి చదివాడు. ట్రౌట్‌కి చల్లని నీళ్ళు కావాలి, నీటిలో ప్రాణవాయువు బాగా కరిగి ఉండాలి. మన చెరువుల్లో వేసవి నీటికి అది తట్టుకోలేదు. అది మన దేశపు చేప కూడా కాదు. బ్రౌన్ ట్రౌట్‌ది యూరప్, రెయిన్‌బో ట్రౌట్‌ది ఉత్తర అమెరికా పడమటి తీరం. బ్రిటిష్ వాళ్ళు తమ వేట సరదా కోసం గుడ్లను ఓడల మీద తెప్పించారు. కశ్మీర్‌కి 1899లో పంపిన గుడ్లు దారిలోనే పాడైపోతే, మరుసటి ఏడాది మళ్ళీ తెప్పించి పెంచారు. "ఒకసారి ఫెయిలయ్యాక మళ్ళీ ట్రై చేశారు డాడీ" అన్నాడు వాడు. నేను విననట్టు ఊరుకున్నాను.

తర్వాత ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న. వాడి మొదటి ఎంపిక కశ్మీర్‌లోని గంగాబల్ సరస్సు. హరముఖ్ పర్వతం కింద ఉంటుంది, ట్రౌట్‌కి పేరున్న చోటు. కానీ ఆ ఎత్తులో మంచు కరిగి దారి సరిగ్గా తెరుచుకునేసరికి జులై వస్తుంది. మన బడులు జూన్‌లోనే మొదలవుతాయి. దసరా సెలవులకి చలి మొదలవుతుంది. వాడు స్కూల్ క్యాలెండర్‌ని పక్కన పెట్టుకుని ఒక్కో సరస్సునీ కొట్టేస్తూ వచ్చాడు. చివరికి ఒకటి మిగిలింది. ఉత్తరాఖండ్‌లో, ఉత్తరకాశీ జిల్లాలోని దోడితాల్. మూడు వేల మీటర్లు దాటిన ఎత్తు, చుట్టూ ఓక్, దేవదారు అడవి, మే నెలలో వెళ్ళగలిగే దారి. అస్సీ గంగ అనే ఏరు అక్కడే పుడుతుంది. సంగమచట్టి దాకా జీపు, అక్కడి నుంచి అగోడా, బేబ్రా, మాంఝీ మీదుగా 20 కిలోమీటర్ల పైచిలుకు నడక. ఒడ్డున వినాయకుడి గుడి ఉంది. వినాయకుడు పుట్టింది అక్కడేనని స్థానికుల నమ్మకం.

ఆ మాట విని మా అమ్మ ఊరుకోలేదు. "వినాయకుని గుడి ముంగట చేపలు పడ్తరారా బిడ్డా?" అంది. వాడు ఆలోచించి నోట్‌బుక్‌లో రాశాడు: "గుడి వైపు గాలం వెయ్యం. చేప పడితే వదిలేస్తాం." కొక్కేనికి ముల్లు లేని రకం తీసుకుంటే చేప నోరు ఎక్కువ చిరగదని తెలుసుకుని అదే కొనిపించాడు. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ గాలం వెయ్యకూడదు. ఒకవేళ ఇవ్వకపోతే? "గాలం సంచిలోనే ఉంటుంది, సరస్సు చూసి వస్తాం" అని దాని కిందే రాసుకున్నాడు.

అనుమతి దగ్గరే వాడు నన్ను మొదటిసారి ఆశ్చర్యపరిచాడు. నేను చూసిన రైలు టికెట్ల ప్రకారం ఉత్తరకాశీ చేరేది శనివారం సాయంత్రం. "ఆదివారం ఆఫీసు ఉండదు కదా డాడీ, ఒక రోజంతా పోతుంది" అన్నాడు. బ్యాంకులో 19 ఏళ్ళుగా పనిచేస్తున్న నాకు ఆ మాట తట్టలేదు. ప్రయాణం ఒక రోజు వెనక్కి జరిపాం. పైగా మే నెల అంటే చార్‌ధామ్ యాత్ర రోజులు. గంగోత్రికి వెళ్ళేవాళ్ళందరూ ఉత్తరకాశీ మీదుగానే పోతారు. గది ముందే చూసుకోకపోతే దొరకదని కూడా వాడే కనుక్కున్నాడు.

ఇక సంచి. మోసే బరువు మన ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని ఒక లెక్క ఉంది. వాడు 48 కిలోలు. అంటే తొమ్మిదిన్నర కిలోలు. మొదటిసారి సర్ది తూస్తే 13 వచ్చింది. అన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కటీ తూచాడు. నాలుగు జతల బట్టలు రెండయ్యాయి. కాటన్ బనియన్లు తడిస్తే ఆరవు, ఒళ్ళు చల్లబడిపోతుంది, అందుకని అవి పోయి త్వరగా ఆరే రకం వచ్చాయి. ఆవకాయ గాజు సీసా పోయి చిన్న ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. అట్టడుగున వాళ్ళమ్మ పెట్టిన లెక్కల పుస్తకం బయటపడింది, 600 గ్రాములు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి మూడు చాప్టర్ల ఫార్ములాలు ఒక కాగితం మీద రాసుకుని, పుస్తకం అల్మారాలో పెట్టాడు.

వంట దగ్గర ఫిజిక్స్ పనికొచ్చింది. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. మూడు వేల మీటర్ల దగ్గర 90 డిగ్రీలకే. కాబట్టి కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, గ్యాస్ మాత్రం అయిపోతుంది. అందుకని వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, పల్లీ పట్టీలు, పాలపొడి సర్దుకున్నాం. మార్చి పరీక్షలయ్యాక రోజూ పొద్దున సంచులు తగిలించుకుని అపార్ట్‌మెంట్ ఐదంతస్తులూ ఎక్కి దిగేవాళ్ళం. ఆదివారాలు గోల్కొండ కోట. కొత్త బూట్లు ఇక్కడే అలవాటు కావాలి, కొండ మీద కాదు. నేను డాక్టర్‌కి బీపీ చూపించుకున్నాను.

నోట్‌బుక్ చివరి పేజీలో వాడు మూడు రూల్స్ రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు. ఒకటి: మధ్యాహ్నం 2 గంటలు దాటితే ముందుకి వెళ్ళం, ఎక్కడుంటే అక్కడే ఆగుతాం, ఎందుకంటే కొండల్లో వానలూ వడగళ్ళూ ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తాయి. రెండు: తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం ఏదొచ్చినా వెంటనే చెప్పాలి, దాచకూడదు. మూడు: ఏ రోజు ఎక్కడుంటామో రాసిన కాగితం ఒకటి అమ్మ దగ్గర ఉంటుంది, నాలుగు రోజులు ఫోన్ కలవకపోయినా కంగారు పడక్కర్లేదు, ఐదో రోజు రాత్రికి కూడా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో అందులోనే ఉంటుంది.

మే మూడో వారంలో బయల్దేరాం. అనుమతి దొరికింది. ఒక స్థానిక గైడ్‌ని మాట్లాడుకున్నాం. మొదటి రోజు అగోడాలో పడుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాల ముందు మాంఝీ చేరాం. ఆకాశం నీలంగా ఉంది, ఎండ కాస్తోంది. సరస్సు ఇంకో ఐదు కిలోమీటర్లే. "పోదాం పద, చీకటి పడేలోపు చేరిపోతాం" అన్నాను. గైడ్ నా వైపూ, వాడి వైపూ చూశాడు.

"రెండవుతోంది డాడీ" అన్నాడు వాడు.

"వాతావరణం బాగుంది కదరా."

వాడు నా మొహంలోకి చూశాడు. "నీకు తలనొప్పిగా ఉందా?"

ఉంది. గంట క్రితమే మొదలైంది. గబగబా వెళ్ళి పడుకుంటే పోతుందిలే అనుకుంటున్నాను. "కొంచెం" అన్నాను.

"నేను పేపర్ దాస్తే ఏమన్నావు?"

కోపంగా అనలేదు. నెమ్మదిగా అన్నాడు. నేను సంచి దించి బండ మీద కూర్చున్నాను. ఆ రోజు అక్కడే ఆగిపోయాం. వాడు నీళ్ళు కాచి ఇచ్చాడు, అటుకులు కలిపాడు. మూడున్నరకి మబ్బు కమ్మింది, శెనగ గింజలంత వడగళ్ళు అరగంట పడ్డాయి. మేం గుడారంలో ఉన్నాం. తలనొప్పి రాత్రికి తగ్గింది. తగ్గకపోతే పొద్దున్నే కిందికి దిగాలన్నది కూడా ప్లాన్‌లో ఉంది.

మరునాడు పది దాటాక సరస్సు కనిపించింది. ఆకుపచ్చని నీళ్ళు, అడుగు దాకా తేటగా. ట్రౌట్ మహా జాగ్రత్త గల చేప. మన నీడ నీటి మీద పడినా పారిపోతుంది. పొద్దున, సాయంత్రం మేతకి పైకి వస్తుంది. అందుకని సాయంత్రం దాకా ఆగి, గుడికి దూరంగా, నీళ్ళు ఏరుగా మారి బయటికి పారే చోట గాలం వేశాం. రెండు గంటలకి ఒక్క చేప పడింది, జానెడు ఉంటుంది. ఒంటి మీద ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు. వాడు చేతులు తడుపుకుని పట్టుకున్నాడు. పొడి చేతులతో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోతుందట. కొక్కెం తీసి నీళ్ళలో పెట్టాడు. అది ఒక్క క్షణం అలాగే ఉండి వెళ్ళిపోయింది. బాపు ఉంటే "పులుసు పోయిందిరా" అనేవాడు. ఆ మాట వాడితో అంటే నవ్వాడు.

ప్రయాణానికీ చదువుకీ ముడిపెట్టి నేనేమీ గొప్పలు చెప్పబోవడం లేదు. వచ్చాక రాసిన మొదటి యూనిట్ టెస్టులో లెక్కల్లో 40కి 19 వచ్చాయి. ఆ పేపర్ మాత్రం ఇచ్చిన సాయంత్రమే భోజనాల బల్ల మీద, నా ప్లేటు పక్కన ఉంది. "ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయావు?" అని అడిగాను. చెప్పాడు. ఇద్దరం కూర్చుని చూశాం. ఫార్ములాలు గుర్తున్నాయి, ఎక్కడ ఏది వాడాలో తెలియడం లేదు. వాడు అదే నోట్‌బుక్ తెచ్చి, దోడితాల్ పేజీలు దాటించి, కొత్త పేజీలో తేదీలు వేసుకోవడం మొదలుపెట్టాడు.

బాపు గాలం కర్ర ఇప్పుడు మా హాల్లో తలుపు వెనక నిలబెట్టి ఉంది. ఈసారి మత్తడి దూకితే ఊరికి వెళ్దామంటున్నాడు. ప్లాన్ వేసి చూపించమన్నాను.