ఒక పెట్టెలో రెండు కాపురములు

ఒకే యింట రెండు పొయ్యిలు వెలిగించుట మనవారు శుభముగా నెంచరు. అన్నదమ్ములు వేఱుపడిరని ఊరివారు చెప్పుకొందురు. అయినను మా కంప్యూటరు పెట్టెలో మొన్నటి సంక్రాంతి సెలవులయందు రెండవ పొయ్యి పెట్టవలసివచ్చెను. అది యేల పెట్టితిమో, ఎట్లు పెట్టితిమో తోడి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా తండ్రిగారికి రాజమహేంద్రవరమున చిన్న డి.టి.పి. దుకాణము కలదు. శుభలేఖలు, గృహప్రవేశ పత్రికలు, కరపత్రములు, రసీదు పుస్తకములు కూర్చి అచ్చాఫీసుల కిచ్చుట వారి వృత్తి. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని నెలకొల్పిన నాటినుండియు ఈ ప్రాంతమునకు అచ్చుపనితో చుట్టఱికము కలదు గదా. మా నాన్నగారు ఆ చుట్టఱికమున చివరి వరుసలోనివారు. వారి పనియంతయు ‘అను’ ఫాంట్లతోను, ‘ఆపిల్’ కీబోర్డు వరుసతోను జరుగును. ఆ సరంజామా వారికి విండోస్ మీదనే నడచును. మఱియొక చిక్కు కలదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన పీటలమీద తెలుగు అక్షరముల రూపములను కూర్చుండబెట్టినవి. కావున ఆ ఫాంటు లేని యంత్రముమీద మన శుభలేఖ అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపుగా కనబడును. యూనికోడు పద్ధతియందు తెలుగునకు 1991 నుండి సొంత పీటలు కలవు. కాని మా దుకాణమున పదునాఱేండ్ల పని పాత పద్ధతిలోనే యున్నది.

కావున విండోస్‌ను తీసివేయుటకు వీలు లేదు. ఉన్నదున్నట్లు ఉంచుటకును వీలు లేకపోయెను. విండోస్ 10 నకు మామూలుగా నిచ్చు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు మఱొక యేడు గడువిచ్చిరి. అది రోగమును వాయిదా వేయుటయే. విండోస్ 11 మా యంత్రమును ఒల్లకపోయెను. దానికి టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనమును, కొత్త ప్రాసెసరును కావలెను. కొత్త యంత్రమునకు సొమ్ము లేదు. అక్క కాలేజీ ఫీజు అప్పుడే కట్టియుంటిమి.

పండుగకు వచ్చిన మా పెదనాన్నగారి కుమారుడు, “పిన్నిగారి పిండివంటలు తిని ఊరకపోవుట న్యాయము కాదు” అని నవ్వుచు ఉపాయము చెప్పెను. అచ్చుపనికి విండోస్ ఉండవలెను, కాని దానికి అంతర్జాలము ఉండరాదు. ఉత్తరములు, ఖాతాదారులు పంపు ఫొటోలు, బ్యాంకు వ్యవహారము లినక్సుమీద జరుగవలెను. 1991లో హెల్సింకీ విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ లినక్సునకు గుండెకాయ వంటి కెర్నెలును వ్రాయ మొదలుపెట్టెను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమపు పరికరములు దానికి తోడయ్యెను. 1993లో బయలుదేఱిన డెబియన్ ఆ రెంటిని కూర్చిన పాత కుటుంబములలో నొకటి. ‘స్వేచ్ఛ’ సంస్థవారు తెలుగు మాటలతోనే ఒక ఆపరేటింగ్ సిస్టమును వెలువరించిరి. మేము డెబియన్‌ను ఎంచుకొంటిమి.

నాన్నగారికి ఇందులో నొక్కటియు రుచింపలేదు. రెండేండ్ల క్రిందట ఒక మరమ్మతు దుకాణమువారు మమ్ము అడుగకయే డిస్కును తుడిచివేసిరి. ఆఱు నెలల పని పోయెను. మఱునాడు అచ్చునకు పోవలసిన పెండ్లి పత్రికను ఆ రాత్రియంతయు కూర్చుండి తిరిగి కూర్చిరి. నాటినుండి ఆ పెట్టె మూత విప్పినచో వారికి నిద్ర పట్టదు. వారు చెప్పినది ఒకటే మాట: “అమ్మాయీ, ఈ డిస్కుమీద మాత్రము చేయి వేయవద్దు. మఱి యేమి చేసికొన్నను సరే.”

మా పద్ధతినంతయు ఆ మాటయే నిర్ణయించెను. ఒకే డిస్కును రెండు భాగములు చేయువారు కలరు. అది ఒక చేనికి నడుమ గట్టు వేయుట వంటిది, గట్టు జరిపినప్పుడు చేరువ పంటకు అపాయము. అందువలన 240 జీబీల ఎస్.ఎస్.డి. నొకదానిని వేఱుగా కొంటిమి.

వేఱు డిస్కు కొన్నంత మాత్రమున అపాయము తీఱదని అన్నయ్య హెచ్చరించెను. కంప్యూటరు మేల్కొనగనే ఏ ఆపరేటింగ్ సిస్టమును లేపవలెనో చెప్పు చిన్న భాగమొకటి కలదు. కాలువ లాకుకడ లస్కరు వంటిది. లినక్సును రెండవ డిస్కుమీద పెట్టుమన్నను, స్థాపన చేయు ప్రోగ్రాము ఆ లస్కరును మొదటి డిస్కులో నున్న ఇ.ఎఫ్.ఐ. విభాగముననే కూర్చుండబెట్టవచ్చును. అప్పుడు రెండు డిస్కులకును ముడి పడును. మొదటిది చెడినచో రెండవది కూడ లేవదు. ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకు కాటన్ దొర కట్టించిన ఆనకట్టనుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వేఱువేఱు తలుపులున్నవి. వేసవిలో కాలువ కట్టివేసిన పిదపనే అందులో మరమ్మతు చేయుదురు. మేమును అట్లే చేయదలచితిమి.

మొదట నాన్నగారి ఫైళ్లకు బయటి డిస్కుమీద నకలు తీసి, వేఱొక యంత్రముమీద అయిదింటిని తెఱచి చూచితిమి. డెబియన్ ఫైలును దింపుకొని, చెక్‌సమ్ అను సంఖ్య వారు ప్రకటించిన దానితో సరిపోయినదని నిశ్చయించి, పెన్‌డ్రైవున కెక్కించితిమి. తరువాత కరెంటు తీగ పీకి, పెట్టె ఇనుమును తాకి, మూత విప్పి, మొదటి డిస్కు కేబులును ఊడదీసితిని. దానిని ఊడదీసినప్పుడు నాన్నగారు వాకిట నిలువబడి యుండిరి. పెట్టెలో ఇక మిగిలినది కొత్త డిస్కొక్కటే. స్థాపకుడు పొరబడుటకు వేఱొక చోటు లేదు. అరగంటలో పని ముగిసెను. కేబులును మరల తగిలించి, యంత్రము లేచునప్పుడు ఎఫ్12 మీట నొక్కగా రెండు పేర్లు కనబడెను. నాన్నగారు విండోస్‌ను ఎంచి, తమ శుభలేఖలను ఒక్కొక్కటే తెఱచి చూచి, ఏమియు అనక భోజనమునకు పోయిరి.

మఱునాడు మాత్రము పెద్ద కేక వినవచ్చెను. ఉదయము పది గంటల పది నిమిషములకు ఇచ్చిన రసీదుమీద నాలుగు గంటల నలువది నిమిషములని పడెను! “మీ లినక్సు నా గడియారమును తినివేసినది” అని వారి ఫిర్యాదు. తినలేదు, అయిదున్నర గంటలు వెనుకకు తిప్పినది. మదర్‌బోర్డుమీది గడియారమున విండోస్ స్థానిక కాలమును వ్రాసికొనును. లినక్సు ప్రపంచ సామాన్య కాలమును వ్రాయును. మన కాలము దానికన్న అయిదున్నర గంటలు ముందుండును. విండోస్‌కు అంతర్జాలము తీసివేసితిమి గనుక అది తనంతట సరిదిద్దుకొనలేదు. విండోస్‌నే మార్చుట శ్రేష్ఠమని అన్నయ్య అభిప్రాయము. కాని మొదటి డిస్కును తాకమని మాట యిచ్చితిమి గదా! లినక్సులో ఒక్క ఆజ్ఞ వ్రాసి, దానినే స్థానిక కాలమునకు అలవాటు చేసితిని. ఆ మాటకొఱకే లినక్సునుండి మొదటి డిస్కును తెఱచుటయు మానితిమి. ఫైళ్లు పెన్‌డ్రైవుమీద ఇటునుండి అటు పోవుచున్నవి. కొంచెము శ్రమయే గాని, నాన్నగారి నిద్ర అంతకన్న విలువైనది.

కొత్త కాపురమున యూనికోడు తెలుగునకు ఇన్‌స్క్రిప్టు వరుస నేర్చుకొంటిని. మండలి, సురన్న, ధూర్జటి, గిడుగు అను పేర్లతో ఉచిత ఫాంట్లు దొరకినవి. వ్యావహారిక భాషకై జీవితమును ధారవోసిన గిడుగువారి పేరిటి అక్షరములతో ఈ గ్రాంథిక వ్యాసమును టైపు చేయుచున్నాను; వారు మన్నింతురు గాక.

ఇప్పుడు పాత శుభలేఖలను యూనికోడునకు మార్చుచున్నాను. మార్పిడి చేయు ప్రోగ్రాములున్నను వత్తులు స్థానము తప్పుచున్నవి. పేర్లను కంటితో సరిచూడవలసి వచ్చుచున్నది. 2012 వఱకు వచ్చితిని. నిన్న నాన్నగారు ఆ జాబితాలో ఒక ఇంటిపేరు వెదకి, పండ్రెండేండ్ల క్రిందట తాము కూర్చిన పత్రికను క్షణములో కనుగొనిరి. పెండ్లికూతురి పేరున ఒక వత్తు తప్పియున్నదని నన్ను పిలిచి చూపిరి.