కమాన్ కట్టలు ఎక్కిన అమెరికా కారు

నేనుండేది ఫెర్న్‌డేల్. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌ని ఆనుకుని ఉండే చిన్న ఊరు. మా వీధి చివరికెళ్లి రెండు నిమిషాలు నడిస్తే వుడ్‌వర్డ్ అవెన్యూ వచ్చేస్తుంది. మధ్యలో గడ్డి పరిచిన వెడల్పాటి డివైడర్, అటూ ఇటూ షాపులు. వచ్చిన కొత్తలో నాకది ఆఫీసుకెళ్లే రోడ్డు మాత్రమే. అంతకుమించి ఏమీ తెలీదు.

తర్వాత తెలిసింది, అది మామూలు రోడ్డు కాదని. 1909లో అమెరికాలో మొట్టమొదటి మైలు కాంక్రీటు హైవే వేసింది దీనిమీదే, డెట్రాయిట్‌లో సిక్స్ మైల్, సెవెన్ మైల్ రోడ్ల మధ్య. 1960ల్లో రాత్రయితే కుర్రాళ్లు ఇక్కడికొచ్చి ఒక సిగ్నల్ నుంచి ఇంకో సిగ్నల్ దాకా పందేలు వేసుకునేవాళ్లు. వాళ్ల చేతుల్లో ఉన్నవే మజిల్ కార్లు. అంటే మధ్యతరగతి కారులో పెద్ద కారు ఇంజిన్ ఇరికించి, కుర్రాళ్లకి అందే ధరలో అమ్మడం. 1964లో ఆ ఊపు తెచ్చిన పాంటియాక్ జీటీఓకి ఆ పేరులో సగం, ఇదే రోడ్డు అవతలి చివరున్న పాంటియాక్ ఊరిదే.

1995లో మా ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ గ్రౌండ్ కోసం డబ్బులు పోగేద్దామని పాత కార్ల ఊరేగింపు పెట్టారు. అదే ఇప్పుడు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. ఏటా ఆగస్టు మూడో శనివారం. జనం ఫుట్‌పాత్ మీద మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ముందు నుంచి పాత కార్లు నత్తనడకన పోతుంటాయి. మన ఊళ్లో రథోత్సవం చూసినట్టే. కాకపోతే ఇక్కడ కర్పూరం వాసన బదులు పెట్రోలు వాసన.

మా పక్కింటి పెద్దాయనకి డెబ్బై దాటాయి. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. చలికాలంలో వాకిట్లో మంచు ఎత్తిపోసే దగ్గర మాకు స్నేహం కుదిరింది. ఆయన గరాజ్‌లో 1970 ప్లిమత్ డస్టర్ ఉంది. ఇంజిన్ 340 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 5.6 లీటర్లు. విజయవాడలో మా నాన్న నడిపే స్విఫ్ట్ ఇంజిన్ 1.2 లీటర్లు. తేడా మీరే ఊహించుకోండి.

పోయినేడు క్రూజ్‌కి రెండు వారాల ముందు ఆయన ఆ కారుకి వెనక లావు టైర్లు వేయించాడు. సైజు 255/60ఆర్15. ఈ అంకెల్ని ఎప్పుడూ పట్టించుకోకపోతే ఇప్పుడు చూడండి. టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 153. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. పైన 153, కింద 153, మధ్యలో 381, మొత్తం 687 మిల్లీమీటర్లు. సుమారు 27 అంగుళాల ఎత్తు. కంపెనీ ఇచ్చిన టైరు కంటే పొడవూ ఎక్కువే, వెడల్పూ ఎక్కువే.

ఫలితం? గుంట వచ్చినప్పుడల్లా వెనక నుంచి 'గర్ర్' మని చప్పుడు. టైరు వెళ్లి ఫెండర్ అంచుకి రాసుకుంటోంది.

"వెనక రెండంగుళాలు లేపితే చాలు కిడ్. ఒక్క ఆదివారం పని. సాయం పట్టు" అన్నాడు. నాకు 28 ఏళ్లు, అయినా ఆయనకి కిడ్డే. ఈసారి క్రూజ్‌లో ఆయన మనవరాలు వెనక సీట్లో కూర్చుంటుందట. తొమ్మిదేళ్ల పాప. తాత కారులో రోడ్డెక్కడం అదే మొదటిసారి.

జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి, ఎప్పుడూ) టార్చి వేసి చూశా. నవ్వొచ్చింది. అంత పేరున్న మజిల్ కారు కింద ఉన్నవేంటో తెలుసా? కమాన్ కట్టలు! ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో యాక్సిల్‌కి యూ బోల్టులతో బిగించినవి. మా బాబాయికి ఇరవై ఏళ్లు లారీ ఉండేది. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో విజయవాడ ఆటోనగర్ వెళ్తే, షెడ్డు ముందు కుప్పలుగా పడి ఉండేవి ఇవే.

వెంటనే బాబాయికి వీడియో కాల్ చేశా. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, భోంచేసి కూర్చున్నాడు.

"ఏరా, అమెరికా వాళ్లకీ కట్టలేనా? నేనింకేదో అనుకున్నా" అని కళ్లజోడు పెట్టుకున్నాడు. "అసలు టైరు ఎక్కడ రాసుకుంటుందో చూశావా? పైనా, పక్కనా?"

ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆరేళ్ల అనుభవం. బగ్ ఎక్కడుందో చూడకుండా ఫిక్స్ రాసేయబోయా. టైరు లోపలి వైపు కట్టకి రాసుకుంటుంటే కారుని ఎంత లేపినా ఒరిగేదేం లేదు. అది రిమ్ము మార్చాల్సిన కేసు. బయట ఫెండర్ అంచుకి, అదీ గుంటల్లో మాత్రమే తగులుతుంటేనే లేపడం వల్ల ఉపయోగం. ఫెండర్ అంచుకి సుద్దముక్క రాసి వీధి చుట్టూ ఓ రౌండు కొట్టొచ్చాం. టైరు బయటి భుజం మీద తెల్లగా అంటుకుంది. సరే, లేపాల్సిందే.

లేపడానికి దారులు మూడు. మొదటిది ఎయిర్ షాక్స్. షాకబ్జార్బర్‌కి రబ్బరు తిత్తి ఉంటుంది. అందులో గాలి కొడితే వెనక లేస్తుంది. 1970ల్లో ఇవి ఫ్యాషన్. కానీ షాకబ్జార్బర్ బిగించే చోటు ఊపుని ఆపడానికి చేసింది, కారు బరువు మోయడానికి కాదు. పైగా గాలి దిగిందో, ఫెండర్ మళ్లీ టైరు మీదే.

రెండోది పొడుగు షాకిల్. కట్ట వెనక చివరని చట్రానికి కలిపే చిన్న లింకుని షాకిల్ అంటారు. దాన్ని పొడుగుది వేస్తే కారు లేస్తుంది. చవక, గంట పని. కానీ యాక్సిల్ ఉండేది కట్ట మధ్యలో కాబట్టి, చివర రెండంగుళాలు పెంచితే కారు లేచేది ఒక అంగుళమే. కట్ట ఏటవాలు అవుతుంది, దాంతో యాక్సిల్ ముక్కు పైకి తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల కోణం మారి బండి వణకడం మొదలెడుతుంది. లింకు ఎంత పొడుగైతే మలుపుల్లో వెనక భాగం అంత పక్కకి ఊగుతుంది.

మూడోది, కుంగిన కట్టలకి మళ్లీ వంపు తెప్పించడం లేదా కొత్తవి వేయడం. డబ్బూ టైమూ రెండూ ఎక్కువే.

పెద్దాయన రెండోదే అన్నాడు. అయితే తీసి చూస్తే, ఆ కారుకి అప్పటికే పొడుగు షాకిల్స్ ఉన్నాయి. కొన్నవి కాదు, ఇనుప పట్టీకి డ్రిల్లుతో బెజ్జాలు వేసి ఇంట్లో చేసుకున్నవి.

"మా అన్న చేశాడు. 1977లో" అన్నాడు. ఆ అన్న హామ్‌ట్రామ్క్‌లో, ఈ డస్టర్లు తయారైన ఫ్యాక్టరీలోనే లైన్ మీద పనిచేశాడట. 1980లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అన్న కూడా పోయి చాలా ఏళ్లయింది. కారు ఆయనదే. "వీటికే ఇంకో అంగుళం కలుపుదాం. తీసేయడం ఎందుకు?"

ఫోన్ దగ్గరగా పెట్టి బాబాయికి చూపించా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ బెజ్జాలు చూడరా. గుండ్రంగా లేవు, కోడిగుడ్డులా సాగిపోయినయ్. వెనక ఎవరు కూర్చుంటారు?"

"ఆయన మనవరాలు."

"అయితే వద్దని చెప్పు."

అప్పుడు చెప్పాడు, మాకెవరికీ ఎప్పుడూ చెప్పని సంగతి. ఓసారి లోడు ఎక్కువై కట్ట కుంగితే, మంచిది కొనకుండా పాత పట్టీ ఒకటి ఎక్కించి నడిపాడట. సూర్యాపేట దాటాక అర్ధరాత్రి మెయిన్ పట్టీ విరిగింది. యాక్సిల్ పక్కకి జరిగి లారీ కాలవలోకి పోయింది. క్లీనర్ కుర్రాడి కాలు నుజ్జయింది. "కట్ట బరువు ఒక్కటే మొయ్యదురా. యాక్సిల్‌ని దాని చోట పట్టి ఉంచేదీ అదే. అది వదిలిందా, చక్రం దాని దారి అది చూసుకుంటది." బాబాయి లారీ ఎందుకు అమ్మేశాడో నాకు ఆ రోజే తెలిసింది.

ఇంగ్లీషులో చెప్పడానికి తడబడ్డా. కట్ట గురించి చెప్పా, క్లీనర్ కాలు గురించి చెప్పా. పెద్దాయన ఫోన్ స్క్రీన్‌లో బాబాయిని చూశాడు, బాబాయి ఆయన్ని చూశాడు. ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దాయన రెంచీ అందుకుని షాకిల్ బోల్టు విప్పడం మొదలెట్టాడు. ఏళ్ల తరబడి ఉప్పు తిన్న బోల్టు అది. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది రావడానికి గంటన్నర పట్టింది.

కొత్త కట్టలకి ఆర్డరిస్తే క్రూజ్ అయ్యాకే వస్తాయన్నారు. ఆ శనివారానికి కంపెనీ సైజు మామూలు షాకిల్స్ వేసి, పాత సన్న టైర్లే ఎక్కించాం. వెనక కుంగి కారు అలిగినట్టుంది. వుడ్‌వర్డ్ మీద కుర్చీల్లో కూర్చున్నాయన ఒకడు "బ్రదర్, వెనకేమైంది?" అని అరిచాడు కూడా. పెద్దాయన ముఖం ఎర్రబడింది. పాప మాత్రం కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

సెప్టెంబరులో కట్టలు వచ్చాయి. యూ బోల్టులు బిగించి, కారు నేలమీద దించి బరువు పడ్డాకే కట్ట చివరల బోల్టులు పూర్తిగా బిగించాం. గాల్లో ఉండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్షులు మెలిపడి తొందరగా పోతాయి. లావు టైర్లు ఎక్కించాం. ఫెండర్‌కీ టైరుకీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాయి. నేను ఫొటో తీసి బాబాయికి పంపా.

ఒక్క లైను జవాబొచ్చింది: "ఖాళీ బండి కొలిస్తే ఏం లాభంరా, లోడు పెట్టి చూడు."

మా ఆఫీసులో లోడ్ టెస్టింగ్‌కి వేరే టీమే ఉంది. అయినా నాకు గుర్తురాలేదు. వెనక సీట్లో నేనూ, పాపా, వాళ్లమ్మా కూర్చున్నాం. డిక్కీలో రెండు సిమెంటు బస్తాలు వేశాం. వుడ్‌వర్డ్ మీదకెళ్లి, ఇదివరకు చప్పుడొచ్చిన గుంట మీంచే కావాలని పోనిచ్చాడు పెద్దాయన. ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

దడేల్‌మని కుదుపు. అంతే. గర్ర్ లేదు.

"ఇంకోసారి" అంది పాప.

ఇక్కడ చాలాచోట్ల లెఫ్ట్ తిరగనివ్వరు. ముందుకెళ్లి డివైడర్ మధ్యలో యూటర్న్ కొట్టాలి. అలా తిరిగి తిరిగి ఆ గుంట మీంచి నాలుగుసార్లు వెళ్లాం. ఇంటికొచ్చాక పెద్దాయన, అన్న చేసిన ఆ రెండు షాకిల్స్‌నీ గరాజ్ గోడకి మేకు కొట్టి తగిలించాడు. కింద సుద్దతో 1977 అని రాశాడు.