గేమింగ్ రౌటరుకి ఎనిమిది కొమ్ములెందుకు?

షాపుల్లో గేమింగ్ రౌటర్ అని పెట్టి అమ్మే డబ్బాల్ని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? నల్లగా, చుట్టూ ఎనిమిది యాంటెనాలతో, ఎర్ర లైట్లతో, వెల్లకిలా పడి కాళ్ళు పైకెత్తిన సాలీడులా ఉంటుంది. ఖరీదు ఇరవై వేల చుట్టూ మొదలై, చూస్తుండగానే యాభై దాటిపోతుంది. అట్టపెట్టె మీద ఇంచుమించు పిన్‌కోడంత పొడుగు అంకె ఒకటి.. ఏఎక్స్ 11000 అని.

ముందు ఆ అంకె సంగతి తేల్చేద్దాం. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మీద 1148, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులు రెండుంటే ఒక్కోదానిమీదా 4804, అన్నీ కూడేసి పైకి సవరించి 11000 అంటారు. మీ లాప్‌టాప్ ఒకసారి ఒక బ్యాండుకే కనెక్టవుతుంది (వై-ఫై 7లో ఒకేసారి రెండు బ్యాండులు వాడే ఏర్పాటు వచ్చింది, అది వేరే కథ). కాబట్టి ఈ కూడిక ఎలాంటిదంటే, ఓఆర్ఆర్ మీద వేగం, సర్వీసు రోడ్డు మీద వేగం, మా గల్లీలో వేగం మూడూ కలిపి, నా స్కూటీ అంత వేగంతో పోతుందని చెప్పడం లాంటిది. పైగా ఇంటికొచ్చే కనెక్షనేమో వంద ఎంబీపీఎస్!

ఇదంతా ఎందుకు మొదలైందంటే, మా పిన్ని కొడుకు. కిందటేడు ఉద్యోగమొచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. మన కంపెనీల్లో ఫ్రెషర్ జీతం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే మేకు కొట్టినట్టు ఆగిపోయింది. వీడికి చేతికొచ్చేది నెలకి పాతిక వేలు. అందులోంచి ఇరవై రెండు వేలు పెట్టి రౌటరు కొంటానన్నాడు. "అన్నయ్యా, నాకు నెట్టు స్పీడు కాదు, ల్యాగు. తొమ్మిదింటికి కూచుంటే తొమ్మిదింపావుకి చచ్చిపోతున్నా" అని వాడి బాధ. వాడు వాలొరాంట్ ఆడేది ఇంజనీరింగులో రూమ్మేట్లయిన ముగ్గురితో. ఒకడు పూణె, ఒకడు బెంగుళూరు, ఇంకొకడు విజయవాడ. కాలేజీ అయ్యాక ఆ నలుగురూ ఒకచోట చేరేది రోజుకి ఆ గంటన్నరే. వీడి ల్యాగు వల్ల ఓడిపోతున్నారని నెమ్మదిగా వీణ్ణి పిలవడం తగ్గించారట. ఆటే కదా అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు. అలాగని నెల జీతం సాలీడుకి సమర్పిస్తానంటే చూస్తూ ఊరుకోలేను కదా.

వాడు "స్పీడు కాదు" అన్నాడు చూశారూ, అక్కడే సగం రోగం కుదిరింది. ఆట డౌన్‌లోడ్ చేసుకోడానికి పదుల జీబీలు కావాలి గానీ, ఆడేటప్పుడు వచ్చిపోయే డేటా సెకనుకి ఒక మెగాబిట్‌కి అటూఇటూ, చాలా ఆటలకి అంతకంటే తక్కువే. ఆటకి కావల్సింది ఆ చిన్న చిన్న ప్యాకెట్లు టైముకి చేరడం. ఇక్కడ ప్రకృతి పెట్టిన హద్దు ఒకటుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి ముంబాయి సర్వరుకి ఏడువందల కిలోమీటర్ల తీగ అనుకుంటే, పోయి రావడానికి 7 మిల్లీసెకన్లు. సింగపూరు సర్వరయితే తిన్నగా గీత గీసినా మూడువేల మూడొందల కిలోమీటర్లు, అంటే 33. మధ్యలో మలుపులూ మజిలీలూ కలిపితే ఇంకా ఎక్కువ. దీన్ని తగ్గించే రౌటరు ఇంకా పుట్టలేదు, ఎన్ని యాంటెనాలున్నా సరే. రౌటరు చేతిలో ఉన్నదల్లా దాని పైన అదనంగా పడే ఆలస్యమే.

అది ఎక్కడ పడుతోందో కనుక్కోడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదాంట్లో మీ రౌటరుకే పింగ్ పెట్టండి (192.168.1.1 లాంటిది). రెండోదాంట్లో బయటికి, 8.8.8.8కి. ఎవరూ నెట్టు వాడనప్పుడు ఐదు నిమిషాలు చూడండి. తర్వాత ఇంట్లోవాళ్ళ చేత వీడియోలు పెట్టించి, ఫోన్లోంచి ఏదైనా పెద్ద ఫైలు అప్‌లోడ్ చేయిస్తూ మళ్ళీ చూడండి. రౌటరుకి పోయే పింగే ఎగిరెగిరి పడుతుంటే తప్పు వై-ఫైది. రౌటరుకి రెండు మూడు మిల్లీసెకన్లలో నిక్కచ్చిగా ఉండి, అప్‌లోడ్ మొదలవగానే బయటి పింగ్ మాత్రం కొండెక్కితే, తప్పు గుమ్మం దగ్గరి క్యూది. ఎవరూ వాడకపోయినా బయటిది ఎప్పుడూ ఎక్కువే ఉంటే, సర్వరు దూరంగా ఉన్నట్టో, మీ నెట్టు కంపెనీ ట్రాఫిక్‌ని ఊళ్ళన్నీ తిప్పి పంపిస్తున్నట్టో. ఈ మూడో దానికి రౌటరు మార్చడం దండగ.

మా వాడికి మొదటి రెండూ ఉన్నాయి. వాడి గదిలోంచి రౌటరుకే 3 నుంచి 90 దాకా గెంతుతోంది. మామూలప్పుడు బయటికి 22, అమ్మ ఫోన్లోంచి పెళ్ళి ఫోటోల బ్యాకప్ మొదలైతే 180. రోజూ రాత్రి తొమ్మిది దాటాక అమ్మ ఫోను చార్జింగుకి పెడుతుంది. చార్జింగులో ఉన్నప్పుడే బ్యాకప్ నడుస్తుంది. తొమ్మిదింపావు రహస్యం అదన్నమాట :)

వై-ఫై సంగతి క్లుప్తంగానే చెప్పేస్తా. ఒక ఛానెల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరుమూసుకుని వంతు కోసం చూడాలి. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే, 1, 6, 11. మా అపార్టుమెంట్లో నిలబడి చూస్తే ముప్ఫై నెట్‌వర్కులు కనిపిస్తాయి. అంటే మన ఇంట్లోవాళ్ళే కాదు, పై ఫ్లోరు వాళ్ళ సీరియల్ కూడా మన వంతు కాజేస్తుందన్నమాట. 5 గిగాహెర్ట్జ్‌లో చోటెక్కువ గానీ అది గోడలకి భయపడుతుంది. అమెరికాలో చెక్కా జిప్సం బోర్డూ గోడల ఇళ్ళలో తీసిన రివ్యూ చూసి, ఇటుకలూ సిమెంటూ ఇనుప చువ్వల బీముల ఇంటికి రౌటరు కొంటే ఎలా కుదురుతుంది? పైగా మనం దాన్ని పెట్టే చోట్లు.. టీవీ వెనకాల, చెప్పుల స్టాండు పైన, ఇనప బీరువా మీద. ఫైబరు వేసేవాడు వచ్చి, తీగ ఎక్కడ అయిపోతే అక్కడ మేకు కొట్టి పోతాడు, అదే దాని శాశ్వత చిరునామా.

గేమింగ్‌కి నా ఓటు వైరుకే. "గోడలు పగలగొట్టాలా?" అని పిన్ని ఫోన్లోనే కంగారుపడింది. అక్కర్లేదు. మన ఫ్లాట్లలో చాలావాటికి ఒకప్పటి టీవీ కేబుల్ కోసమో, ల్యాండ్‌లైన్ కోసమో హాల్లోంచి ప్రతి గదికీ గోడలోపల పైపు వేసే ఉంటుంది. ఇప్పుడది ఖాళీ. ఎలక్ట్రీషియన్ స్ప్రింగు వేసి, పాత తీగకి కొత్త క్యాట్ 6 తీగ కట్టి లాగేశాడు. తీగా, చివర్లకి జాక్‌లూ, అతని కూలీ కలిపి పదమూడొందలు. వాడి గదిలోంచి రౌటరుకి పింగ్ ఇప్పుడు ఒక మిల్లీసెకను లోపు. ఇరవై రెండు వేల రౌటరు కూడా ఆ రెండు గోడల అవతలికి ఇంత నిలకడగా పంపలేదని నేను పందెం కాస్తాను.

ఇక రెండోది, ఆ 180. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

మన ఫైబరు డబ్బాలో బయటికి పోయే డేటా వేచి ఉండడానికి ఒక బఫర్ ఉంటుంది. మెమరీ చౌకయ్యాక, ఒక్క ప్యాకెట్టూ పోకూడదని తయారీదార్లు దాన్ని పెంచుకుంటూ పోయారు. లెక్క చూడండి. వంద ఎంబీపీఎస్ లైను ముందు రెండు మెగాబైట్ల డేటా పోగుపడితే, అది ఖాళీ కావడానికి 160 మిల్లీసెకన్లు. అమ్మ ఫోటోలు ఆ బఫర్ నింపేశాక మావాడి తుపాకీ గుండు ప్యాకెట్టు వచ్చి వాటన్నిటి వెనకాల నిలబడుతుంది. 22కి 160 కలిపితే ఎంతో మీరే చూసుకోండి. తిరుమలలో ఇంకో నాలుగు కంపార్టుమెంట్లు కట్టినంత మాత్రాన దర్శనం త్వరగా అవదు, లోపల కూచునే జనం పెరుగుతారు, అంతే. ఇదీ అంతే.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెటిస్ అనే ఆయన 2010లో తన ఇంట్లో పెద్ద ఫైళ్ళు కాపీ చేస్తుంటే మిగతా నెట్టంతా పడకేయడం చూసి, పట్టుబట్టి కారణం తవ్వి తీశాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వ్యాన్ జేకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి రాశారు. క్యూ ఎంత పొడుగుందని కాకుండా, ప్యాకెట్టు క్యూలో ఎంతసేపు నిలబడిందని చూసి, అతిగా నిలబడుతుంటే కొన్నిటిని పారేసి పంపేవాణ్ణి నెమ్మదించమంటుంది. అదే ఏడాది ఎఫ్‌క్యూ-కోడెల్ లినక్స్‌లో చేరింది. అందులో ప్రతి కనెక్షన్‌కీ వేరే వరస, కాబట్టి ఫోటోల వాళ్ళ వెనక ఆటవాడు నిలబడక్కర్లేదు. 2018లో కేక్ అనేది లినక్స్ కెర్నెల్ 4.19లోకి వచ్చింది. ఈ పనికోసం ఏళ్ళ తరబడి దాదాపు ఒంటి చేత్తో ఊరూరా ప్రచారం చేసిన డేవ్ టాట్ 2025 ఏప్రిల్‌లో పోయాడు. ఆయన పేరు ఏ రౌటరు అట్టపెట్టె మీదా ఉండదు, అదీ విచిత్రం.

ఇవన్నీ వాడుకోడానికి దారి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. దాని పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. లింక్‌సిస్ 2002 చివర్లో డబ్ల్యూఆర్‌టీ54జీ అని ఒక నీలం రౌటరు తెచ్చింది. లోపల లినక్స్ ఉందని జనం కనిపెట్టి లైసెన్సు ప్రకారం సోర్సు ఇవ్వమని అడిగారు. 2003లో ఇచ్చారు. దాని మీద 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. ఆ మూడక్షరాలూ పేరులో ఇప్పటికీ అలాగే ఉండిపోయాయి.

మావాడికి నాలుగు వేల లోపు మామూలు వై-ఫై 6 రౌటరు ఒకటి కొని, దాంట్లో ఇది ఎక్కించి, ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీలో కేక్ ఎంచుకున్నాం. అసలు కిటుకు ఒక్కటే. అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండిటికీ హద్దు 90 ఎంబీపీఎస్ అని పెట్టాలి, లైను కంటే పది శాతం తక్కువ. అప్పుడు క్యూ కంపెనీ డబ్బాలో కాకుండా మన రౌటరులో, మన కళ్ళముందు తయారవుతుంది. మన దగ్గరున్న క్యూనే కదా మనం సర్దగలిగేది! గేమ్ బూస్ట్ అనీ ప్రయారిటీ అనీ మీటలు పెట్టి అమ్మే చాలా రౌటర్లు ఈ హద్దు పెట్టించవు. ఖాళీగా ఉన్న చోట పెద్దపీట వేసి ఏం లాభం? పది ఎంబీపీఎస్ పోయింది, ఎవరూ గమనించలేదు. బ్యాకప్ నడుస్తుండగా పింగ్ 27.

కొనేవాళ్ళకి రెండు మూడు జాగ్రత్తలు. మోడల్ పేరు నేను కావాలనే చెప్పట్లేదు. ఒకే పేరుతో వెర్షన్ 1, వెర్షన్ 2 అని లోపలి చిప్ మార్చేస్తుంటారు. డబ్బా అడుగున రాసిన వెర్షన్ నంబరుతో సహా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళ పట్టికలో ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఈ క్యూ సర్దే పని ప్రాసెసరు చేస్తుంది, కాబట్టి చౌక రౌటరు వందా రెండొందల ఎంబీపీఎస్‌కి సరిపోతుంది గానీ, గిగాబిట్ ప్లాను ఉన్నవాళ్ళకి గట్టి ప్రాసెసరు కావాలి. డబ్బు పెట్టాల్సింది అక్కడ. వై-ఫై 7 వాళ్ళు ఊరించే 320 మెగాహెర్ట్జ్ ఛానెల్ చూసి మాత్రం తొందరపడొద్దు. అది 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేస్తుంది. మన టెలికాం శాఖ 2025 మేలో ముసాయిదా ఇచ్చింది అందులో కింది 500 మెగాహెర్ట్జ్‌కి. అందులో అంత వెడల్పు ఛానెల్ పట్టేది ఒక్కటే, అపార్టుమెంటంతా దానికోసం కొట్టుకోవాలి.

ఇంకోటి, గేములో నాట్ టైప్ స్ట్రిక్ట్ అని వస్తే రౌటరుని తిట్టకండి. రౌటరు సెట్టింగుల్లో వాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే, మీ నెట్టు కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసు మీద చాలామందిని నడుపుతోందని అర్థం. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనిచేయదు. మా కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి ఇది అడిగితే, "సార్, ఒకసారి రీస్టార్ట్ చేసి చూశారా" అన్నాడు. మూడోసారికి గానీ స్టాటిక్ ఐపీ నెలకింత అని అమ్ముతామని బయటపెట్టలేదు. వాలొరాంట్ లాంటి కంపెనీ సర్వరు ఆటలకి ఇది అక్కర్లేదు. మీ ఇంట్లోనే మైన్‌క్రాఫ్ట్ సర్వరు పెట్టి స్నేహితుల్ని పిలుస్తానంటేనో, కన్సోల్ ఆటల్లో ఇబ్బంది వస్తేనో తీసుకోండి.

మావాడి మిగిలిన డబ్బు వాడి దగ్గరే ఉంది. అందులో పదిహేనొందలు పెట్టి రౌటర్లకి వాడే చిన్న యూపీఎస్ కొన్నాడు, కరెంటు పోయినప్పుడు ఆట మధ్యలో ఆగకుండా. మీరూ కొంటే ఒక్క విషయం చూసుకోండి, ఫైబరు డబ్బాకీ రౌటరుకీ రెండిటికీ పిన్నులుండాలి. ఒకటి 12 వోల్టులూ ఇంకోటి 9 వోల్టులూ అయ్యే అవకాశం ఉంది, అడాప్టర్ల మీద రాసింది చదివాకే తగిలించండి.