అస్తరు ఎత్తి చూస్తే

ఎడింబరాలో మా వీధి పెద్దాయన ఒకరు పోయిన చలికాలం వాళ్ల నాన్నగారి కిల్టు, అదే స్కాట్లండ్ మగవాళ్లు కట్టుకునే కుచ్చిళ్ల పావడా, తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మనవరాలి పెళ్లికి కట్టుకోవాలట. బకిల్ బిగిస్తే వెనక కుచ్చిళ్లు నోళ్లు తెరుస్తున్నాయి. ఒకచోట పురుగు కొట్టి చిల్లు పడింది. తెనాలిలో అమ్మ కుట్టు మిషన్ పక్కన పెరిగినదాన్ని, ఇక్కడా బట్టలు సరిచేయడమే నా పని. అయినా కిల్టు విప్పడం అదే మొదలు.

పూర్తి కిల్టుకు ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది. మా అమ్మమ్మ చీర కంటే గజమే తక్కువ. రెండు పన్నాల నాలుగు గజాల గుడ్డ తీసుకుంటే పొడవునా చీల్చి, రెండు ముక్కలూ కలిపి, ఆ అతుకును ఏదో ఒక మడత కడుపులో దాచేస్తారు. కింద మడిచి కుట్టరు. నేతలో వచ్చిన అంచే కిల్టు అంచు.

అస్తరు కింది వైపు వదిలేసే ఉంటుంది. ఎత్తి చూశాను. నడుము నుంచి తుంటి దాకా కుచ్చిళ్లను పైకి కనపడని చేతికుట్టుతో పట్టి ఉంచుతారు. ఆ మేర లోపల మిగిలిన గుడ్డను కత్తిరించేస్తారు, నడుము లావెక్కకుండా. కత్తెర పెట్టే ముందు మడతల వీపులన్నిటినీ కలుపుతూ గట్టి దారంతో ఒక వరుస వేస్తారు. ఇక్కడివాళ్లు దాన్ని స్టీకింగ్ అంటారు. కుచ్చిళ్ల బరువు మోసేది అదే. దాని మీద కాన్వాసు. బకిల్ లాగుడంతా కాన్వాసు మీదే పడాలి, ఉన్ని మీద పడకూడదు.

ఎవరో లోగడ బకిల్ జరిపి, కాన్వాసు అందకుండా పై గుడ్డకే కుట్టేశారు. లాగి లాగి స్టీకింగ్ సగం తెగింది. అంత ఓపికగా కుట్టిన చేతిపని అలా చిరగడం చూసి ప్రాణం ఉసూరుమంది.

అమ్మకు వీడియోలో చూపించాను. "కొత్త కాన్వాసు తడిపి ఆరేశావుటే? లేకపోతే తర్వాత ముడుచుకుంటుంది" అంది. ఆరేశాను. తెగినచోట మైనం పట్టిన దారంతో మళ్లీ వరుస వేసి, కాన్వాసు మార్చి, బకిళ్లను దానికే పట్టించి కుట్టాను.

చిల్లుకు రెండు సాయంత్రాలు పట్టింది. లోపలి అతుకు దగ్గర మిగులు గుడ్డలోంచి పోగులు లాగాను. పచ్చ గీతకు పచ్చ, నీలానికి నీలం. టార్టన్ అనే ఈ గళ్ల గుడ్డ నేత రెండు పోగుల మీదుగా, రెండిటి కిందుగా వెళ్తుంది. ప్రతి వరుసా ఒక్క పోగు పక్కకు జరగాలి. ఒకటి తప్పితే ఏటవాలు గీత విరుగుతుంది. మూడుసార్లు విప్పాను.

పెద్దాయన వచ్చి, కట్టుకోకముందే అస్తరు ఎత్తారు. తెగని పాత కుట్లను నేను కదపలేదు. వాటి మీద వేలు ఆనించి, "ఇవి అప్పటివేనా?" అని అడిగారు. అవునన్నాను.